విండోస్‌ను ఉంచుకుని పక్కనే లినక్స్ పెట్టుకోవాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

పలకాబలపం (తిరుపతి)

సభ్యులందరికీ నమస్కారం. నేను తిరుపతిలో తెలుగు సాహిత్యంలో పరిశోధన చేస్తున్నాను. పాత పత్రికల్లో అచ్చయిన వ్యాసాలను స్కాన్ చేసి, వాటిని కంప్యూటర్‌లో వెతుక్కోవడానికి వీలైన పాఠంగా మార్చుకోవడం నా పనిలో పెద్ద భాగం. టెసరాక్ట్ అనే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ తెలుగు లిపిని కూడా గుర్తిస్తుందనీ, లినక్స్ ఉన్న కంప్యూటర్‌లో దానితో పని తేలికనీ మా విభాగానికి వచ్చిన ఒక అధ్యాపకులు చెప్పారు. అప్పటి నుంచి లినక్స్ గురించి చదువుతున్నాను. చదివినకొద్దీ ఉబుంటు, మింట్, ఫెడోరా, డెబియన్ అంటూ పేర్లు పెరుగుతున్నాయే తప్ప ఏది ఎంచుకోవాలో తేలడం లేదు.

నా ల్యాప్‌టాప్‌లో 8 జీబీ ర్యామ్, 512 జీబీ ఎస్ఎస్‌డీ, ఇంటెల్ 11వ తరం ప్రాసెసర్ ఉన్నాయి. విండోస్ 11 నడుస్తోంది. డిస్కులో సగానికి పైగా ఖాళీగా ఉంది. నా సిద్ధాంత గ్రంథంలోని తొలి అధ్యాయాలు అను ఫాంట్లలో పేజ్‌మేకర్ అనే పుటల కూర్పు సాఫ్ట్‌వేర్‌లో ఉన్నాయి, తర్వాతివి వర్డ్‌లో, ఏ కంప్యూటర్‌లోనైనా చదవగల యూనికోడ్‌లో ఉన్నాయి. కనుక విండోస్‌ను వదులుకోలేను. రెండూ ఒకే యంత్రంలో ఉంచుకుంటే రాసుకున్నది పోయే ప్రమాదం ఎంత? కంప్యూటర్ శాస్త్రం చదవని నాలాంటివారు ఇందులోకి దిగవచ్చా? దయచేసి చెప్పగలరు.

నీవానది (చిత్తూరు)

దిగవచ్చునండీ. అయితే ఏ లినక్స్ అన్నది నా దృష్టిలో రెండో ప్రశ్న. ఒక కాగితం తీసుకుని, విండోస్‌లో తప్ప మరెక్కడా సాగని మీ పనులేవో ముందు రాసుకోండి. ఆ జాబితాను బట్టి మీ లినక్స్ భాగానికి ఎంత చోటు కేటాయించాలో, ఏ ఫైళ్లు రెండువైపులా అందుబాటులో ఉండాలో, అసలు రెండు వ్యవస్థలు అవసరమో కాదో తేలిపోతుంది. చాలామంది దీన్ని వదిలేసి, రంగురంగుల తెర చిత్రాలు చూసి పేరు ఎంచుకుంటారు.

పేర్ల గందరగోళానికి కారణం చిన్నదే. 1991లో లైనస్ టోర్వాల్డ్స్ మొదలుపెట్టిన లినక్స్ అన్నది కెర్నెల్ మాత్రమే, అంటే యంత్రానికీ మనం వాడే సాఫ్ట్‌వేర్‌కూ మధ్య నిలిచే లోపలి భాగం. దానికి గ్నూ ప్రాజెక్టు వారి పనిముట్లనూ, డెస్క్‌టాప్‌నూ (తెర మీది మెనూలు, కిటికీల అమరికనూ), ఆఫీసు సాఫ్ట్‌వేర్‌నూ చేర్చి వేర్వేరు బృందాలు తమ తమ పేర్లతో విడుదల చేస్తాయి. వాటినే డిస్ట్రిబ్యూషన్లు అంటారు. డెబియన్ 1993లో మొదలైంది, దాని మీద ఆధారపడి 2004లో ఉబుంటు వచ్చింది, ఉబుంటు మీద ఆధారపడి 2006లో మింట్ వచ్చింది. అందువల్ల ఈ మూడింటిలో దేనిలో నేర్చుకున్నా ఆ నేర్పు మిగతా రెండింటిలో దాదాపు అంతా పనికి వస్తుంది.

మీకు నా సూచన మింట్ 22 వరుసలోని సిన్నమన్ డెస్క్‌టాప్. కింద పట్టీ, ఎడమ మూల మెనూ విండోస్ అలవాటు ఉన్నవారికి పరిచితంగా ఉంటాయి. 2029 వరకు భద్రతా సవరణలు అందుతాయి. సాఫీగా నడవడానికి 4 జీబీ ర్యామ్, 100 జీబీ డిస్కు ఉండాలని ఆ బృందమే సూచిస్తుంది కనుక మీ యంత్రానికి అది బరువు కాదు.

గ్రీమ్స్‌పేట డీటీపీ (చిత్తూరు)

అను ఫాంట్ల సంగతి నేను చెప్పాలి, ఎందుకంటే మా కేంద్రంలో రోజూ ఆ ఫైళ్లతోనే పని. అనులో కూర్చిన అధ్యాయాలను లినక్స్‌లో తెరిచి దిద్దుకోవచ్చని ఎవరైనా చెబితే నమ్మకండి. ఆ ఫైళ్లలో నిజానికి తెలుగు అక్షరాలు లేవు. ఇంగ్లీషు అక్షరాలకూ గుర్తులకూ కేటాయించిన స్థానాల్లో తెలుగు ఆకృతులను కూర్చి చేసిన ఫాంట్లవి. ఫాంట్ లేనిచోట ఆ పాఠమంతా అర్థంలేని ఇంగ్లీషు గుర్తుల వరుసగా కనిపిస్తుంది. పేజ్‌మేకర్ ఆఖరి రూపమైన 7.0 వచ్చింది 2001లో. ఆ తర్వాత అడోబి వారే దాన్ని పక్కన పెట్టి ఇన్‌డిజైన్ వైపు వెళ్లారు. విండోస్ సాఫ్ట్‌వేర్‌ను లినక్స్‌లో నడిపే వైన్ అనే పనిముట్టు ఉన్న మాట నిజమే కానీ, పేజ్‌మేకర్, అను స్క్రిప్ట్ మేనేజర్, కీబోర్డు మూడూ కలిసి పనిచేయాల్సిన చోట సిద్ధాంత గ్రంథాన్ని దాని చేతిలో పెట్టడం నాకు సమ్మతం కాదు.

మీరు చేయవలసింది ఇది. ఆ తొలి అధ్యాయాలను విండోస్‌లో ఉండగానే యూనికోడ్‌లోకి మార్పిడి చేయించుకోండి. మార్చే సాఫ్ట్‌వేర్ ఏదైనా సరే, ఒత్తులు, అరసున్న, బండి ఱ, ఇంగ్లీషు ఉటంకింపులు ఉన్న చోట్ల పొరపాట్లు దొర్లుతాయి కనుక పక్కన అచ్చుప్రతి పెట్టుకుని ఒక్కసారి పూర్తిగా చదవాలి. పాత పద్యాలు ఉటంకించిన పుటలను ఇంకొంచెం జాగ్రత్తగా చూడండి. ఆ పని అయ్యాక మీ గ్రంథం ఏ వ్యవస్థలోనైనా తెరుచుకుంటుంది.

రేణిగుంట జంక్షన్ (రేణిగుంట)

నాది కొంచెం భిన్నాభిప్రాయం. పలకాబలపం గారికి కావలసింది టెసరాక్ట్ మాత్రమే అయితే డిస్కును విడగొట్టే పనే లేదు. టెసరాక్ట్ విండోస్‌లోనూ నడుస్తుంది. లినక్స్ వాతావరణమే కావాలంటే మైక్రోసాఫ్ట్ 2016లో ప్రవేశపెట్టిన డబ్ల్యూఎస్ఎల్ అనే సౌకర్యం విండోస్ లోపలే ఉబుంటును నడుపుతుంది. ఆదేశాలు టైపు చేసి చేసే పనులన్నీ అందులో సాగుతాయి, కంప్యూటర్‌ను ఆపి మళ్లీ తెరవనక్కర్లేదు. పూర్తి డెస్క్‌టాప్ చూడాలనుకుంటే విండోస్ లోపలే మరో కంప్యూటర్‌ను సృష్టించే వర్చువల్‌బాక్స్‌లో మింట్‌ను పెట్టుకుని, నచ్చకపోతే ఒక్క మీటతో తీసేయవచ్చు. పరిశోధన చివరి దశలో ఉన్నవారు డిస్కు పార్టిషన్ల (డిస్కును విడగొట్టిన భాగాల) జోలికి వెళ్లడం అవసరమా అన్నది ఒకసారి ఆలోచించండి. డ్యూయల్ బూట్‌ను, అంటే ఒకే యంత్రంలో రెండు వ్యవస్థలు పెట్టుకోవడాన్ని, ఒక ఘనకార్యంలా చెప్పుకునే అలవాటు మన చర్చల్లో ఎక్కువ, దాన్ని చూసి ఎవరూ తొందరపడకూడదు.

పలకాబలపం (తిరుపతి)

ఇంత వివరంగా స్పందించినందుకు అందరికీ ధన్యవాదాలు. రేణిగుంట జంక్షన్ గారి మాటలో న్యాయముంది. వర్చువల్‌బాక్స్‌ను ఇదివరకే చూశాను. వర్డ్, బ్రౌజర్ తెరిచి ఉండగా అందులోని లినక్స్‌కు 4 జీబీ ర్యామ్ ఇచ్చేసరికి రెండు వైపులా నత్తనడక అయింది. టెసరాక్ట్ ఒక్కటే కాక మరో కారణం కూడా ఉంది. పుత్తూరులో మా నాన్నగారి ఎరువుల దుకాణంలో విండోస్ 10 ఉన్న పాత డెస్క్‌టాప్ ఉంది. అది విండోస్ 11కు అర్హమైనది కాదు. విండోస్ 10కు మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది కనుక, ముందు నేను నేర్చుకుని తర్వాత ఆయనకు అమర్చి ఇవ్వాలన్నది నా ఆలోచన.

గ్రీమ్స్‌పేట డీటీపీ గారూ, మీరు చెప్పినట్టే తొలి అధ్యాయాలను మార్పిడికి ఇచ్చాను.

రేణిగుంట జంక్షన్ (రేణిగుంట)

అలాగైతే నా అభ్యంతరం సగం తగ్గింది. మిగిలిన సగం ఇది: ఆ పాత డెస్క్‌టాప్ మీదే నేర్చుకోకూడదా? అందులో పోయేది ఏమీ లేకుండా చూసుకుని చేతులు తిరిగాక ల్యాప్‌టాప్ దగ్గరికి రావచ్చు.

పలకాబలపం (తిరుపతి)

దుకాణం లెక్కలు ట్యాలీలో అందులోనే ఉన్నాయండీ. ఏడాది లెక్కలు ముగిసేదాకా దాన్ని కదిలించవద్దని నాన్నగారి ఆజ్ఞ. పైగా నేను స్కానింగ్ చేసేది తిరుపతిలో గ్రంథాలయంలో కూర్చుని, కనుక ల్యాప్‌టాప్ తప్పదు.

నీవానది (చిత్తూరు)

అయితే ల్యాప్‌టాప్ గురించే మాట్లాడుకుందాం. ఇన్‌స్టాల్ చేయడం అరగంట పని, దానికి ముందు చేసుకోవలసిన సన్నాహమే అసలు పని. ఆ సన్నాహమంతా విండోస్‌లోనే జరగాలి.

మొదటిది, మీ ఫైళ్ల నకలు. సిద్ధాంత గ్రంథం, స్కాన్లు, ఛాయాచిత్రాలు బయటి హార్డ్ డిస్కులో ఒక ప్రతి, వీలైతే ఆన్‌లైన్‌లో మరొక ప్రతి ఉండాలి. నకలు చేసుకున్నాక ఆ డిస్కును వేరే కంప్యూటర్‌కు తగిలించి ఫైళ్లు తెరుచుకుంటున్నాయో లేదో చూడండి.

రెండోది బిట్‌లాకర్, అంటే డిస్కును సంకేత రూపంలో దాచే విండోస్ సౌకర్యం. దీని దగ్గర నిదానించాలి. ఇటీవలి విండోస్ 11 ల్యాప్‌టాప్‌లలో, హోమ్ ఎడిషన్‌లో కూడా, డివైస్ ఎన్‌క్రిప్షన్ అనే పేరుతో డిస్కంతా సంకేత రూపంలో భద్రపరచి ఉండవచ్చు. మనం కోరి పెట్టుకోకపోయినా మైక్రోసాఫ్ట్ ఖాతాతో తొలిసారి ప్రవేశించినప్పుడే అది మొదలై ఉంటుంది. బయోస్‌లో, అంటే విండోస్ కన్నా ముందు లేచే యంత్రపు సొంత వ్యవస్థలో, అమరికలు మార్చినప్పుడో, బూట్ క్రమం (ఏది ముందు తెరవాలన్న వరుస) మారినప్పుడో విండోస్ అనుమానించి 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. ఆ కీ దగ్గర లేకపోతే సొంత డిస్కులోని ఫైళ్లు కూడా మనకు అందవు. కాబట్టి సెట్టింగ్స్‌లో ప్రైవసీ అండ్ సెక్యూరిటీ విభాగంలో డివైస్ ఎన్‌క్రిప్షన్ ఉందో లేదో చూడండి. ఉంటే మీ మైక్రోసాఫ్ట్ ఖాతాలో భద్రపరచిన కీని కాగితం మీద రాసుకుని, అంకెలను రెండోసారి సరిచూసుకోండి. కొన్ని ఇన్‌స్టాలర్లు బిట్‌లాకర్ ఉన్న డిస్కు పక్కన తమంతట తామే చోటు చేసుకోలేవు. ఇన్‌స్టాల్ అయ్యేవరకు ఎన్‌క్రిప్షన్‌ను ఆపి ఉంచడం కొత్తవారికి తేలిక.

మూడోది ఫాస్ట్ స్టార్టప్. షట్‌డౌన్ నొక్కినా విండోస్ పూర్తిగా ఆగదు, తన లోపలి స్థితిని డిస్కులో దాచుకుని నిద్రపోతుంది. ఆ స్థితిలో లినక్స్ వైపు నుంచి విండోస్ పార్టిషన్‌ను తెరిస్తే చదవడానికి మాత్రమే అనుమతిస్తుంది, లేదా అసలు తెరవదు. బలవంతంగా రాస్తే ఫైళ్లు చెడతాయి. కంట్రోల్ ప్యానెల్‌లోని పవర్ ఆప్షన్స్‌లో దీన్ని ఆపివేయండి.

ఇక చోటు చేయడం. విండోస్ డిస్కు చివరి నుంచి 100 జీబీ తగ్గించడానికి విండోస్ వారి డిస్క్ మేనేజ్‌మెంట్‌నే వాడండి. అందులో అంకె మెగాబైట్లలో అడుగుతుంది కనుక 1,02,400 అని ఇవ్వాలి. డిస్కులో ఎంతో ఖాళీ ఉన్నా కొద్దిపాటి చోటు మాత్రమే తగ్గించగలనని అది చెబితే కంగారు పడకండి. హైబర్నేషన్ ఫైలు, పేజ్ ఫైలు, రిస్టోర్ పాయింట్లు మధ్యలో కదలకుండా కూర్చుని ఉంటాయి, వాటిని తాత్కాలికంగా ఆపి మళ్లీ చూడాలి. తగ్గించగా వచ్చిన చోటును ఫార్మాట్ చేయకుండా ఖాళీగానే వదిలేయండి.

తలకోన (తిరుపతి)

నీవానది గారి సన్నాహానికి చేర్చవలసింది ఏమీ లేదు. పేరు విషయంలో మాత్రం నేను ఉబుంటు 24.04 వైపు ఉంటాను. దానికీ 2029 వరకు మద్దతు ఉంది, సమస్య ఏది ఎదురైనా వెతికితే జవాబు దొరికేది ఎక్కువగా ఉబుంటు పేరుతోనే. ఫెడోరా మంచిదే కానీ దాదాపు ఆరు నెలలకు ఒక కొత్త రూపం వస్తుంది, పరిశోధన నడుమ అంత తరచు మార్పులు మీకు అవసరం లేదు. ఆర్చ్ వంటివాటిని ఇప్పుడు తలచుకోవద్దు. మన దేశంలో ప్రభుత్వ సంస్థ సీ-డాక్ వారు డెబియన్ ఆధారంగా చేసిన బాస్ అనే డిస్ట్రిబ్యూషన్ ఉంది, తెలుగులో స్వేచ్ఛ అనే సంస్థ వారి ప్రయత్నం ఉంది. వాటి గురించి చదవండి కానీ, మొదటి అడుగుకు ఎక్కువమంది వాడుతున్నదాన్ని ఎంచుకోవడమే క్షేమం.

నీవానది (చిత్తూరు)

ఉబుంటు అన్నా నాకు అభ్యంతరం లేదు. రెండింటినీ ఇన్‌స్టాల్ చేయకుండానే చూడవచ్చు కనుక పలకాబలపం గారే తేల్చుకుంటారు. ఇన్‌స్టాల్‌కు కావలసిన ఐఎస్ఓ ఫైలును అధికారిక వెబ్‌సైటు నుంచే దించుకుని, ఫైలు చెడలేదని చూసుకోవడానికి అక్కడ ఇచ్చిన ఎస్‌హెచ్ఏ256 సంఖ్యతో సరిపోల్చండి. దించుకునేటప్పుడు మధ్యలో నెట్ తెగి ఫైలు చెడిపోతే అది ఇన్‌స్టాల్ సగంలో ఉండగా బయటపడుతుంది, అప్పుడు కారణం తెలియక తిప్పలు పడాలి. రూఫస్ అనే సాఫ్ట్‌వేర్‌తో దాన్ని 8 జీబీ పెన్‌డ్రైవ్ మీదకు ఎక్కించండి. పెన్‌డ్రైవ్‌లో ఉన్నవన్నీ తుడిచిపెట్టుకుపోతాయని గుర్తుంచుకోండి. కంప్యూటర్ తెరుచుకునేటప్పుడు ఎఫ్12, ఎఫ్9, ఎస్కేప్ వంటి మీటల్లో మీ తయారీదారు పెట్టినదాన్ని నొక్కితే పెన్‌డ్రైవ్ నుంచి నడిపే మెనూ వస్తుంది.

ఆ నడిచేదాన్ని లైవ్ సెషన్ అంటారు. డిస్కును అది తాకదు. వైఫై అందుతోందా, శబ్దం వస్తోందా, తెర వెలుతురు తగ్గుతోందా, మూత మూసి తెరిస్తే మేలుకుంటోందా, మీ స్కానర్‌ను గుర్తిస్తోందా అన్నవన్నీ అందులోనే పరీక్షించండి. అక్కడ పనిచేయని వైఫై ఇన్‌స్టాల్ అయ్యాక తనంతట తాను పనిచేస్తుందని ఆశపడకండి.

గ్రీమ్స్‌పేట డీటీపీ (చిత్తూరు)

ప్రింటర్‌ను కూడా ఆ సెషన్‌లోనే చూడండి. హెచ్‌పీ వారి ప్రింటర్లకు హెచ్‌పీలిప్ అనే డ్రైవర్ ఉండడంతో చాలా నమూనాలు వెంటనే పనిచేస్తాయి. మా దగ్గర మరో సంస్థ వారి పాత లేజర్ ప్రింటర్ ఉంది, అది లినక్స్‌లో సరిగా నడవకపోవడంతో ఆ ఒక్క పనికి విండోస్ కంప్యూటర్‌కే పీడీఎఫ్ పంపుకుంటున్నాం.

పలకాబలపం (తిరుపతి)

రెండింటినీ లైవ్‌లో చూశాను. మింట్ నా కంటికి, చేతికి దగ్గరగా అనిపించింది. వైఫై, శబ్దం, గ్రంథాలయంలో వాడే స్కానర్ మూడూ పనిచేశాయి. బిట్‌లాకర్ కీ రాసుకుని ఎన్‌క్రిప్షన్ ఆపాను, విండోస్‌లో 100 జీబీ చోటు చేశాను. కానీ ఇన్‌స్టాల్ మొదలుపెట్టగానే ఈ కంప్యూటర్ ఇంటెల్ ఆర్‌ఎస్‌టీ వాడుతోందనీ, దాన్ని ఆపితేనే ముందుకు సాగగలననీ సందేశం వచ్చింది. బయోస్‌లో దాన్ని ఆపితే విండోస్ తెరుచుకోదని ఒకచోట చదివి అక్కడే ఆగాను. ఇది ఎంతవరకు నిజం?

నీవానది (చిత్తూరు)

ఆగడం మంచిదైంది. మీరు చదివింది నిజమే, కానీ దారి ఉంది. మీ తరం ఇంటెల్ ల్యాప్‌టాప్‌లలో తయారీదారులు డిస్కును ఆర్‌ఎస్‌టీ లేదా వీఎండీ అనే పద్ధతిలో ఉంచి పంపుతారు. విండోస్ ఆ పద్ధతికి తగిన డ్రైవర్‌తోనే లేస్తుంది. దాన్ని ఒక్కసారిగా ఏహెచ్‌సీఐ అనే మామూలు పద్ధతికి మార్చితే విండోస్ తన డిస్కును తానే గుర్తించలేక నీలి తెర చూపుతుంది. అత్యవసరమైన వాటితోనే నడిచే సేఫ్ మోడ్‌లో లేచినప్పుడు మాత్రం అది కొత్త పద్ధతికి కావలసిన డ్రైవర్‌ను వెతికి పట్టుకుంటుంది. ఆ గుణాన్నే మనం వాడుకుంటాం.

విండోస్‌లో ఎంఎస్‌కాన్ఫిగ్ అనే పనిముట్టును తెరిచి బూట్ విభాగంలో సేఫ్ బూట్‌ను ఎంచుకుని కంప్యూటర్‌ను తిరిగి తెరవండి. విండోస్ మొదలవక ముందే బయోస్‌లోకి వెళ్లి వీఎండీని ఆపండి, లేదా ఏహెచ్‌సీఐకి మార్చండి. తర్వాత విండోస్ సేఫ్ మోడ్‌లో తెరుచుకుంటుంది. అక్కడ మీ నాలుగంకెల పిన్ పనిచేయకపోవచ్చు కనుక ఖాతా అసలు పాస్‌వర్డ్ గుర్తుండాలి. లోపలికి వెళ్లాక ఎంఎస్‌కాన్ఫిగ్‌లో సేఫ్ బూట్‌ను తీసివేసి మామూలుగా తెరవండి. విండోస్ బాగా తెరుచుకుందని చూసుకున్నాకే మింట్ దగ్గరకు వెళ్లండి.

ఇన్‌స్టాలర్‌లో విండోస్ పక్కనే పెట్టమనే ఎంపిక కనిపిస్తే అది చాలు. కనిపించకపోతే సమ్‌థింగ్ ఎల్స్ అన్నదానిలోకి వెళ్లి, మీరు ఖాళీగా వదిలిన 100 జీబీని ఎంచుకుని లినక్స్ వాడే ఈఎక్స్‌టీ4 రూపంలో ఒకే పార్టిషన్ చేసి దాన్ని రూట్‌గా, అంటే లినక్స్ ఎక్కవలసిన చోటుగా, చూపండి. వ్యవస్థను తెరిచే ఫైళ్ల కోసం విండోస్ ఇదివరకే చేసుకున్న చిన్న ఈఎఫ్ఐ పార్టిషన్‌ను రెండు వ్యవస్థలూ పంచుకుంటాయి, దాన్ని ఫార్మాట్ చేయకూడదు. ఎరేజ్ డిస్క్ అన్న ఎంపిక వైపు చూడనే వద్దు. ఆఖరున ఏయే పార్టిషన్లు మారబోతున్నాయో చూపే జాబితాను చదివిన తర్వాతే కొనసాగించండి.

రేణిగుంట జంక్షన్ (రేణిగుంట)

ఇదంతా చూస్తుంటే నాకు మరో మార్గం తోస్తోంది. కొన్ని ల్యాప్‌టాప్‌లలో రెండో ఎస్ఎస్‌డీకి ఖాళీ స్లాట్ ఉంటుంది. చెన్నై రిచీ స్ట్రీట్‌కు వెళ్లే వారెవరితోనైనా ఒకటి తెప్పించుకుని లినక్స్‌ను పూర్తిగా దాని మీదే పెట్టుకుంటే విండోస్ డిస్కును ముట్టుకోనక్కర్లేదు. నాన్నగారి డెస్క్‌టాప్ విషయంలోనైనా ఇది గుర్తుంచుకోండి, డెస్క్‌టాప్‌లో రెండో డిస్కు తగిలించడం చాలా సులువు. ఆ పాత యంత్రం కొత్తదైన యూఈఎఫ్ఐ పద్ధతిలో తెరుచుకుంటోందా, పాత లెగసీ పద్ధతిలోనా అన్నది ముందు చూసుకుని, లినక్స్‌ను కూడా అదే పద్ధతిలో ఎక్కించాలి. ఒకటి ఒక పద్ధతిలో, రెండోది మరో పద్ధతిలో ఉంటే రెండింటినీ చూపే మెనూ రాదు.

పలకాబలపం (తిరుపతి)

సేఫ్ మోడ్ దారి సరిగ్గా పనిచేసింది. మింట్ ఎక్కింది, తెరవగానే రెండింటిలో ఏది కావాలని అడుగుతోంది. విండోస్‌లో ఫైళ్లన్నీ ఉన్నచోటే ఉన్నాయి. ఇప్పుడు రెండు చిన్న చిక్కులు మిగిలాయి. మింట్ వాడి విండోస్‌కు వస్తే గడియారం అయిదున్నర గంటలు వెనక చూపుతోంది. రెండోది తెలుగు టైపింగ్. విండోస్‌లో నాకు ఇన్‌స్క్రిప్ట్ (తెలుగు అక్షరాలకే మీటలు కేటాయించిన కీబోర్డు అమరిక) అలవాటు, మా చెల్లెలు ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు రాస్తుంది, ఇద్దరికీ వీలుగా ఎలా అమర్చుకోవాలి?

తలకోన (తిరుపతి)

గడియారం చెడిపోలేదు. మదర్‌బోర్డులోని గడియారంలో స్థానిక సమయం ఉందని విండోస్ అనుకుంటుంది, అంతర్జాతీయ సమయం ఉందని లినక్స్ అనుకుంటుంది. మన సమయం దానికన్నా అయిదున్నర గంటలు ముందుంది కనుక ఆ తేడా. టైమ్‌డేట్‌సీటీఎల్ అనే ఆదేశంతో లినక్స్‌ను కూడా స్థానిక సమయం వాడమని చెప్పవచ్చు. వేసవికీ శీతాకాలానికీ గడియారాలు మార్చే దేశాల్లో దీనివల్ల ఇబ్బందులు వస్తాయి కనుక చాలాచోట్ల వద్దని రాస్తారు. మనకు ఆ బెడద లేదు, నిశ్చింతగా చేయండి.

గ్రీమ్స్‌పేట డీటీపీ (చిత్తూరు)

ఇన్‌స్క్రిప్ట్‌కు వేరే సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు. కీబోర్డు అమరికల్లోని లేఅవుట్లలో తెలుగును చేర్చుకుంటే సరిపోతుంది. మీ చెల్లెలికోసం టైపింగ్ పద్ధతులను అందించే ఐబస్‌ను, దానితోపాటు ఎం17ఎన్ పొట్లాన్ని ఇన్‌స్టాల్ చేయండి, అందులో ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు రాసే ఆర్‌టీఎస్ పద్ధతి ఉంది. ఫాంట్ల విషయంలో ఒక హెచ్చరిక. గౌతమి, నిర్మల వంటివి విండోస్‌తో వచ్చే ఫాంట్లు, అవి మింట్‌లో ఉండవు. వాటిలో కూర్చిన వర్డ్ ఫైలును మింట్‌లోని లిబ్రే ఆఫీస్‌లో తెరిస్తే నోటో లేదా లోహిత్ ఫాంట్ ఆ స్థానంలోకి వచ్చి పంక్తులు జరుగుతాయి, పుటల సంఖ్య మారుతుంది, విషయసూచికలోని అంకెలు తప్పుతాయి. అందువల్ల రాయడం ఎక్కడ చేసినా, తుది పుటల కూర్పు మాత్రం ఒకే వ్యవస్థలో, ఒకే ఫాంట్‌తో చేయండి. విశ్వవిద్యాలయానికి ఇచ్చేది అక్కడి నుంచి తీసిన పీడీఎఫ్ కావాలి.

పలకాబలపం (తిరుపతి)

రెండూ కుదిరాయి. తుది కూర్పు వర్డ్‌లోనే ఉంచుకుంటాను. ఇక ముందు విండోస్ అప్‌డేట్లు వచ్చినప్పుడు మింట్ చెరిగిపోతుందని భయపెడుతున్నారు, అది నిజమేనా?

రేణిగుంట జంక్షన్ (రేణిగుంట)

చెరిగిపోదు, కనిపించకుండా పోవచ్చు. పెద్ద అప్‌డేట్ తర్వాత కొన్నిసార్లు బూట్ క్రమంలో విండోస్ తనను తాను ముందు నిలుపుకుంటుంది. బయోస్‌లోకి వెళ్లి మింట్ పేరును, అక్కడ ఉబుంటు అని ఉన్నా సరే, మళ్లీ పైకి తెస్తే మెనూ తిరిగి వస్తుంది. 2024 ఆగస్టులో విండోస్ భద్రతా సవరణ ఒకటి నమ్మదగిన సాఫ్ట్‌వేర్‌నే తెరవనిచ్చే సెక్యూర్ బూట్‌కు సంబంధించిన నిరోధక జాబితాను మార్చడంతో, వ్యవస్థను తెరిచే పాత బూట్‌లోడర్లు ఉన్న లినక్స్ కంప్యూటర్లు కొన్ని తెరుచుకోలేదు. అందుకే మింట్‌లో వచ్చే సవరణలను కూడా వాయిదా వేయకుండా ఎక్కించుకోండి, ఆ మింట్ పెన్‌డ్రైవ్‌ను తుడవకుండా దాచుకోండి. టైమ్‌షిఫ్ట్ అనే పనిముట్టు మింట్‌తోనే వస్తుంది, అది వ్యవస్థ స్థితిని భద్రపరుస్తుందే గాని మీ సొంత ఫైళ్లను మామూలుగా చేర్చుకోదు. వాటి నకలు విడిగా తీయాల్సిందే.

పలకాబలపం (తిరుపతి)

టెసరాక్ట్‌నూ దాని తెలుగు భాగాన్నీ ఇన్‌స్టాల్ చేశాను. స్పష్టంగా ఉన్న పుటలు బాగానే వస్తున్నాయి. రెండు వరుసల్లో అచ్చయిన పత్రికల పుటల్లో మాత్రం ఎడమ వరుసలోని పంక్తికి కుడి వరుసలోని పంక్తి అతుక్కుని అర్థం లేకుండా పోతోంది. పీడీఎఫ్‌ను సూటిగా ఇస్తే తీసుకోవడం లేదు.

తలకోన (తిరుపతి)

టెసరాక్ట్ పీడీఎఫ్‌ను చదవదు, చిత్రాలనే చదువుతుంది. జీఇమేజ్‌రీడర్ అనే సాఫ్ట్‌వేర్‌ను మింట్ సాఫ్ట్‌వేర్ మేనేజర్ నుంచి తెచ్చుకోండి. అది టెసరాక్ట్‌కు కిటికీలూ మీటలూ ఉన్న రూపం, పీడీఎఫ్‌ను కూడా తెరుస్తుంది. అందులో ఎడమ వరుస చుట్టూ మౌస్‌తో ఒక గడి, కుడి వరుస చుట్టూ మరో గడి గీసి ఇస్తే ఒకదాని తర్వాత ఒకటి చదువుతుంది. స్కాన్లు 300 డీపీఐకి తగ్గకుండా, వంకర లేకుండా ఉండాలి. ఇంగ్లీషు పేర్లు మధ్యలో వచ్చే వ్యాసాలకు తెలుగు, ఇంగ్లీషు రెండు భాషలనూ కలిపి ఎంచుకోండి, తెలుగు మాత్రమే ఉన్న పుటలకు ఇంగ్లీషును చేర్చకండి. అలా చేరిస్తే సున్నలను ఇంగ్లీషు ఓ అక్షరాలుగా పొరబడే అవకాశం ఉంది.